కలివికోడిని ఎవరు చూసినారు?



ఈ నెల గోడపత్రికలో "వింతలు – విశేషాలు" నన్ను రాయమన్నారు. పోయిన నెల ఈ చోట తిమింగలం గురించి వచ్చింది. బాగుంది. కానీ తిమింగలం ఉండేది సముద్రంలో. నేను మన కడప జిల్లాలోనే ఉన్న వింత గురించి రాస్తున్నాను. తిమింగలాన్ని చూసినోళ్ళు లోకంలో లక్షలమంది ఉంటారు. దీన్ని చూసినోళ్ళు చాలా తక్కువమంది. దాని పేరు కలివికోడి. నా అక్షరాలు పెద్దవి కాబట్టి నాలుగు చార్టులు పట్టింది. దయచేసి వరసగా చదవండి. రెండో చార్టు కిటికీ పక్కన అంటించినాము.

దసరా సెలవుల ముందు సైన్స్ సారు క్లాసులో ఒక వార్త చెప్పినారు. 2025 ఆగస్టులో పిట్టలను గమనించే కొంతమంది మన రాష్ట్రంలో ఒక రాత్రి కలివికోడి కూత విని రికార్డు చేసినారంట. అంతకు ముందు పదిహేనేండ్లకు పైగా దాని జాడ గట్టిగా ఎవరికీ తెలియలేదంట. "అయిపోయింది, ఇక లేదు" అని చాలామంది అనుకున్నారంట. క్లాసులో అందరూ "ఓహో" అన్నారు. నేను మాత్రం ఊరుకోలేకపోయినాను. ఎందుకంటే ఆ పేరు నేను మా తాత నోట చిన్నప్పుడే విన్నాను.

కలివికోడి ఎట్లా ఉంటుంది?

పేరులో కోడి అని ఉన్నా ఇది కోడి కాదు. గుడ్డు కోసమూ కూర కోసమూ పెంచేది కాదు. నేల మీద పరుగెత్తే అడవి పిట్ట. కొన నుంచి కొనకు 27 సెంటీమీటర్లు ఉంటుంది. మన జామెట్రీ బాక్సులో పట్టని పెద్ద స్కేలు 30 సెంటీమీటర్లు కదా, దానికి మూడు సెంటీమీటర్లు తక్కువ. ఒళ్ళు మట్టిరంగు. కాళ్ళు సన్నగా, పొడుగ్గా, లేతపసుపుగా ఉంటాయి. ముక్కు పొట్టిది, పసుపు రంగు, కొన మాత్రం నలుపు. కండ్లు ఒంటికి మించి పెద్దవి. కంటిపైన తెల్లటి గీత ఉంటుంది. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ ఉంటుంది.

గుర్తుపట్టడానికి ముఖ్యమైనది ఎద మీద ఉండే రెండు పట్టీలు. రెండు దండలు వేసుకున్నట్టు ఉంటుంది. దీని శాస్త్రీయ నామంలో కూడా "బైటార్క్వేటస్" అనే మాట ఉంది. రెండు కంఠహారాలు కలది అని దాని అర్థం. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. కోర్సర్ అంటే పరుగెత్తేది. జెర్డాన్ అంటే దీన్ని మొదట లోకానికి చూపించిన దొర పేరు.

కలివి అనే పేరు ఎందుకు?

కలివి చెట్టు మీ అందరికీ తెలుసు. ముండ్ల పొద. కాయ కోస్తే పాలు కారతాయి. పండు నల్లగా అయితే తియ్యగా, కొంచెం పుల్లగా ఉంటుంది. తిని నాలుక చూపించుకుంటాము. ఆ కలివి పొదల మధ్యన తిరిగే పిట్ట కాబట్టి కలివికోడి అన్నారు. పేరు పెట్టింది దొరలు కాదు, సార్లు కాదు. ఆ పొదల్లో మేకలు మేపినోళ్ళు, కట్టెలు ఏరినోళ్ళు, వల వేసినోళ్ళు. పేరులోనే ఆ పిట్ట ఇంటి అడ్రసు ఉంది చూడండి.

ఇది దట్టమైన అడవిలో ఉండదు. బోడి మైదానంలోనూ ఉండదు. కలివి, రేగు, తుమ్మ పొదలు అక్కడక్కడ ఉండి, మధ్యమధ్యన ఖాళీ నేల కనిపించే చోట ఉంటుంది. పరిశోధన చేసినవారు పొదలను లెక్కపెట్టినారు. ఒక హెక్టారులో, అంటే సుమారు రెండున్నర ఎకరాల్లో, పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉన్న చోట్ల ఇది ఎక్కువగా కనిపిస్తుందని తేల్చినారు. పొదలు మరీ ఎక్కువైతే పరుగెత్తడానికి దారి ఉండదు. మరీ తక్కువైతే దాక్కోడానికి చోటు ఉండదు.

ఇది చెదపురుగులు, చీమలు, ఇతర పురుగులు తింటుంది. పగలంతా పొద కింద కదలకుండా ఉంటుంది. రాత్రి బయటికి వస్తుంది.

పోయింది, దొరికింది, మళ్ళీ పోయింది

దీని కథ బడి రిజిస్టరు లాగా ఉంటుంది. కొన్నేండ్లు హాజరు, చాలా ఏండ్లు గైరుహాజరు.

టి.సి. జెర్డాన్ అనే ఆయన మద్రాసు సైన్యంలో డాక్టరు. ఆయన ద్వారా 1848లో ఈ పిట్ట లోకానికి తెలిసింది. అప్పట్లో నెల్లూరు, కడప వైపు కనిపించింది. తర్వాత గోదావరి వైపు భద్రాచలం, సిరోంచ దగ్గర కూడా చూసినట్టు బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన రాసినారు. 1900లో అనంతపురం వైపు క్యాంప్‌బెల్ అనే ఆయన చూసినారు. ఆ తర్వాత పుస్తకాల్లో దీని ముందు ఖాళీయే.

చాలామంది వెదికినారు. పిట్టల పెద్దాయన అని పేరున్న సలీం అలీ గారు కూడా దీని గురించి చాలా ఆరాటపడినారు. దొరకలేదు. లోకంలో లేకుండా పోయింది అనుకున్నారు.

ఇక్కడ ఒక చిత్రం చెప్తాను. స్కాట్‌లాండ్ దేశంలోని అబెర్డీన్ విశ్వవిద్యాలయంలో ఒక మ్యూజియం ఉంది. అక్కడి గుడ్లలో ఒకటి కలివికోడి గుడ్డు అని 2013లో బయటపడింది. దాన్ని 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర ఒక పశువుల డాక్టరు సేకరించినాడు. నిజంగా ఆ పిట్ట గుడ్డేనా అని పరీక్ష చేసి చూస్తే, అవును అని తేలింది. అంటే 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు అని పుస్తకాలు అంటున్నప్పుడు, 1917లో ఈ పిట్ట కోలార్ దగ్గర గుడ్డు పెట్టింది! ఆ గుడ్డు అంత కాలం సొరుగులో ఉంది. అడిగినోళ్ళు లేరు, చెప్పినోళ్ళు లేరు. కాబట్టి "ఎవరూ చూడలేదు" అనే మాట పుస్తకంలో కనిపిస్తే, "చూసినోళ్ళు ఎవరూ రాయలేదు" అని కూడా ఒకసారి అనుకోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. కానీ ఇంకా అయిపోలేదు, చదవండి.

ఐతన్న బ్యాటరీ లైటు

1985 ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కలివికోడిని మళ్ళీ వెదకడం మొదలుపెట్టినారు. భరత్ భూషణ్ అనే శాస్త్రవేత్త మన వైపు వచ్చినారు. ఈసారి వాళ్ళు ఒక తెలివైన పని చేసినారు. పిట్ట బొమ్మ వేసిన కాగితాలు ఊర్లలో చూపించి "దీన్ని ఎవరన్నా చూసినారా?" అని అడిగినారు. దుర్భిణి పట్టుకొని అడవిలో తిరగడం కంటే ముందు మనుషులను అడిగినారు.

సిద్ధవటం పక్క లంకమల కొండల కింద ఐతన్న అనే ఆయన ఉండేవాడు. పిట్టలు పట్టే పని ఆయనది. ఆయన ఈ పిట్టను ఎరుగుదును అన్నాడు. 1986 జనవరిలో ఒక రాత్రి బ్యాటరీ లైటు వెలుగులో ఐతన్నకు కలివికోడి కనిపించింది. వెలుగు కండ్లలో పడేసరికి పిట్ట నిలబడిపోయింది. పట్టి తెచ్చినాడు. 86 ఏండ్ల తర్వాత కలివికోడి దొరికింది! అప్పుడు సలీం అలీ గారికి 89 ఏండ్లు. మరుసటి ఏడాది 1987లో ఆయన చనిపోయినారు. పోయేలోపు ఈ మంచి మాట విన్నారు.

బాధ ఏమిటంటే, ఆ పట్టిన పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ అది ఉన్న చోటు తెలిసింది. ఆ తర్వాత అక్కడే ఇంకా కొన్ని కనిపించినాయి. 1988లో ఆ అడవిని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించినారు. అదే ఏడాది కలివికోడి బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

ఇప్పుడు ఒక సంగతి రాస్తాను. నేను ఆరో తరగతిలో కొత్తగా వచ్చినప్పుడు ఒకామె నన్ను "పిట్టలు పట్టేటోళ్ళ పిల్ల" అని పిలిచింది. పేరు రాయను, ఇప్పుడు మేము బాగానే ఉంటాము. అప్పుడు మెస్సులో సగం అన్నం వదిలేసి లేచిపోయినాను. మేము యానాదులము. మా తాత కౌజులు, పూరేళ్ళు పట్టినమాట నిజమే. ఇంట్లో గింజ లేనప్పుడు పట్టినాడు. ఇప్పుడు పట్టడం లేదు. 1972 నాటి చట్టం ప్రకారం అడవి పిట్టలను పట్టకూడదు. అది మంచిదే. కానీ శాస్త్రవేత్తలకు 86 ఏండ్లు దొరకని పిట్టను చూపించినది పిట్టలు పట్టే మనిషే. ఐతన్న కథ విన్న రోజు ఆ పాత మాట నాకు గుర్తొచ్చింది. ఈసారి ఏడుపు రాలేదు.

ఎందుకు కనిపించదు?

మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి, అది రాత్రి పిట్ట. మనం నిద్రపోయే టయానికి దానికి తెల్లవారుతుంది.

రెండు, దాని రంగు. పొద కింద కదలకుండా కూర్చుంటే మట్టిలో మట్టి.

మూడు, దాని కూత. పొద్దు గుంకి ముక్కాలు గంట అయినాక, చీకటి బాగా పడే వేళ, కొద్ది నిమిషాలే కూస్తుంది. రెండు ముక్కల కూత. "ట్విక్-టూ, ట్విక్-టూ" అని వినిపిస్తుందని పుస్తకాల్లో రాస్తారు. ఆ కొద్ది నిమిషాలు తప్పిపోతే ఆ రోజుకు అంతే.

మరి శాస్త్రవేత్తలు ఎట్లా వెదుకుతారు? ఇది నాకు చాలా నచ్చింది. పొదల మధ్యన మెత్తటి మట్టిని జల్లెడ పట్టి, ఐదు మీటర్ల పొడుగున పట్టీలుగా పరుస్తారు. అవ్వ వాకిట్లో ముగ్గుకు ముందు మట్టి సదును చేసినట్టు. రాత్రి పిట్ట దాని మీద నడిస్తే కాలిగుర్తు పడుతుంది. పొద్దున్నే పోయి గుర్తులు చూస్తారు. గుర్తులు కనిపించిన చోట తనంతట తానే ఫొటో తీసే కెమెరా పెడతారు. ఇంకొక పద్ధతి, రికార్డు చేసిన కూతను వినిపించి జవాబు వస్తుందేమో అని వినడం. ఇది అనుమతి ఉన్నవారే చేయాలి. ఊరికే వినిపిస్తూ ఉంటే పిట్ట భయపడి చోటు వదిలేస్తుంది.

మట్టిలో అడుగు చూసి ఏ జంతువు పోయిందో చెప్పడం మా తాతకు, మీలో చాలామంది తాతలకు వచ్చిన విద్యే. దానికి మట్టి పట్టీ అనే పేరు పెట్టలేదు, అంతే.

మళ్ళీ ఎందుకు తగ్గిపోయింది?

కలివికోడికి కావలసిన పొదల నేల మనుషులకు "ఊరికే పడున్న నేల" లాగా కనిపిస్తుంది. చదును చేసి తోటలు వేస్తారు. కట్టెలకు కొడతారు. రాళ్ళు తవ్వుతారు. దట్టమైన అడవిని కొడితే అందరూ అయ్యో అంటారు. ముండ్లపొదలు కొడితే శుభ్రం చేసినారు అంటారు.

2005లో తెలుగుగంగ కాలువ పని ఈ పిట్ట ఉండే నేలలోకి వచ్చింది. పరిశోధకులు చూసి అభ్యంతరం చెప్పినారు. తర్వాత కాలువ దారిని మార్చినారు. నీళ్ళు కూడా కావాలి, పిట్ట కూడా కావాలి. దారి మారిస్తే రెండూ ఉంటాయి అని దీనివల్ల తెలిసింది.

మేకల సంగతి కూడా చెప్పాలి. కొద్దిగా మేస్తే పొదలు మరీ దట్టం కాకుండా మధ్యన ఖాళీ ఉంటుంది. అది పిట్టకు మంచిదే. ఎక్కువగా మేస్తే, కొమ్మలు నరికి వేస్తే పొదే ఉండదు. కాబట్టి మేకలోళ్ళను పూర్తిగా తప్పుపట్టకూడదు, పూర్తిగా వదిలేయకూడదు.

2008, 2009 తర్వాత కలివికోడి గట్టి జాడ లేదు. 2025 ఆగస్టులో మళ్ళీ కూత దొరికింది. సరిగ్గా ఏ చోట అనేది వాళ్ళు బయటికి చెప్పలేదు. చెప్తే జనం కెమెరాలు పట్టుకొని గుంపులుగా పోతారు కదా. ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పిట్టల పట్టికలో ఇది ఉంది. మొత్తం కలిపి 250 కంటే తక్కువే ఉంటాయని అంచనా. మన హాస్టల్‌లో ఉన్న పిల్లలం అంతకంటే ఎక్కువమందిమి!

మా తాతను అడిగినాను

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా తాతను అడిగినాను. నా దగ్గర నోటుబుక్కు, పెన్ను ఉన్నాయి. సైన్స్ సారు "తేదీ, చోటు అడుగు" అని చెప్పి పంపినారు.

"తాతా, కలివికోడిని నువ్వు చూసినావా?"

"చూడకేం అమ్మీ. రెండు దండలుంటాయి దానికి. లైటేస్తే నిలబడతాది. మంచి పిట్ట. కూర తక్కువ."

"ఎప్పుడు చూసినావు?"

"మీ నాయన పుట్టకముందు. ఇంకా రెండు వానలు ముందు."

నేను సంతోషంగా లెక్క వేయబోయినాను. నాయన ఆధార్ కార్డు తీసి చూసినాను. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. అమ్మది జనవరి 1. మా చిన్నాయనది కూడా జనవరి 1. కార్డు రాసినోళ్ళు అడిగితే మావాళ్ళకు తేదీ తెలియక, వాళ్ళే అట్లా వేసినారంట. ఏడాది కూడా అంచనాయే. నా లెక్క అక్కడే ఆగిపోయింది.

"తాతా, సరిగ్గా ఏ ఏడాది?"

తాత చాలాసేపు బీడీ చేతిలో పట్టుకొని ఉన్నాడు, ముట్టించలేదు. "అప్పుడు రాసి పెట్టుకోడానికి నాకు అక్షరం యాడిది అమ్మీ?" అన్నాడు. "కూత మాత్రం ఇప్పుడూ చెప్తా, విను" అని నోటితో కూసి చూపించినాడు. రెండు ముక్కలు. మధ్యలో కొంచెం ఆగి, మళ్ళీ రెండు ముక్కలు. మా అవ్వ లోపల నుంచి "అంత మెల్లగా కాదు, ఇంకా గబగబా" అన్నది. అంటే మా అవ్వ కూడా విన్నది! ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

తిరిగి వచ్చి సైన్స్ సారుకు నోటుబుక్కు చూపించినాను. సారు మొత్తం చదివినారు. "తేదీ లేదు కాబట్టి దీన్ని చూసిన రికార్డుగా పంపలేము. కానీ కూతను నేర్చుకొని రాసినావు కదా, అది పోనియ్యకు" అన్నారు. నాకు సగం సంతోషం, సగం బాధ. మా తాత అబద్ధం చెప్పలేదు. అయినా ఆయన చూసిన పిట్ట లెక్కలోకి రాలేదు. ఐతన్నను అడిగినోళ్ళు ఉన్నారు కాబట్టి ఆయన చూసింది లెక్కలోకి వచ్చింది.

నేను చేసిన పొరపాటు

నవ్వకండి. అక్టోబరు చివర్లో ఒకరోజు స్టడీ అవర్‌కు ముందు హాస్టల్ వెనక నుంచి కూత వినిపించింది. నేను పెన్ను పడేసి కాంపౌండ్ గోడ దగ్గరికి పరుగెత్తినాను. ఇద్దరు చెల్లెండ్లు కూడా వచ్చినారు. చీకట్లో అరగంట నిలబడినాము. వార్డెన్ మేడమ్ వచ్చి ముగ్గురినీ గట్టిగా కేకలేసినారు. పాములు తిరిగే చోటు కాబట్టి మేడమ్ అన్నది న్యాయమే. మరుసటి పొద్దున చూస్తే అది తీతువు పిట్ట! రాత్రిళ్ళు కూడా అరుస్తుంది. కానీ దాని అరుపు రెండు ముక్కలు కాదు, గొలుసు లాగా పొడుగ్గా ఉంటుంది.

కలివికోడి అనుకొని పొరపాటు పడే పిట్టలు ఇవి:

1. తీతువు. నల్లటి గొంతు, ముక్కు పక్కన ఎర్రటి తోలు. నీళ్ళ దగ్గర, చేలల్లో ఉంటుంది. ఎద మీద రెండు పట్టీలు ఉండవు.

2. చితవ. తల మీద నల్లటి టోపీ, ముక్కు పక్కన పసుపు తోలు, పసుపు కాళ్ళు. ఎండిన నేలలో పగలు తిరుగుతుంది.

3. ఇండియన్ కోర్సర్. కలివికోడికి చుట్టమే. ఎద ఇటుకరంగు. పగలు దున్నిన చేలల్లో పరుగెత్తి ఆగి, పరుగెత్తి ఆగి పోతుంది. పట్టీలు ఉండవు.

4. పెద్ద పసుపు కండ్ల రాతిపిట్ట. ఇది కూడా రాత్రి అరుస్తుంది. కలివికోడి కంటే పెద్దది. ఒంటి మీద గీతలు గీతలుగా ఉంటాయి.

మన సీమలో ఇంకా అరుదైనవి

కలివికోడి ఒక్కటే కాదు. కర్నూలు దాటి నందికొట్కూరు వైపు రోళ్ళపాడు అనే చోట గడ్డిమైదానం ఉంది. బట్టమేక పిట్ట కోసం దాన్ని 1988లో అభయారణ్యం చేసినారు. బట్టమేక నిలబడితే మీటరు ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. నేల మీద మామూలుగా ఒకే గుడ్డు పెడుతుంది. ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న కరెంటు తీగలు సరిగ్గా కనిపించక తగులుకొని చనిపోతుంది. ఒకప్పుడు రోళ్ళపాడులో గుంపుగా కనిపించేవి. ఇప్పుడు దేశంలో మిగిలినవాటిలో చాలా భాగం రాజస్థాన్‌లో జైసల్మేర్ వైపే ఉన్నాయి. గడ్డిమైదానాన్ని కూడా జనం "ఊరికే పడున్న నేల" అనే అంటారు, గమనించండి.

ఇంకొకటి పసుపు గొంతు పికిలి. పెద్ద పెద్ద బండరాళ్ళు, వాటి మధ్యన పొదలు ఉన్న కొండల్లో ఉంటుంది. దక్షిణ భారతదేశంలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండల్లో కనిపిస్తుంది. మామూలు పికిలిని మనం రోజూ చూస్తాము, దాని తల నలుపు. దీని తల, గొంతు పసుపు.

చూస్తే ఎట్లా రాయాలి?

సైన్స్ సారు నేర్పించింది ఇక్కడ రాస్తున్నాను.

తప్పు పద్ధతి: "నిన్న ఒక వింత పిట్టను చూశాను. చాలా అందంగా ఉంది."

సరైన పద్ధతి: "2025 నవంబరు 9, ఆదివారం. పొద్దున 6 గంటల 20 నిమిషాలు. హాస్టల్ వెనక నీళ్ళ ట్యాంకు పక్కన ఖాళీ నేల. పిట్టలు 2. తల మీద నల్లటోపీ, ముక్కు పక్కన పసుపు తోలు, పసుపు కాళ్ళు. పరుగెత్తి ఆగి నేలలో పొడిచినాయి. పది నిమిషాలు చూసినాము. నాతో చూసినవారు ఇద్దరు. మేము అనుకున్న పేరు: చితవ."

ఇది నా నోటుబుక్కులో నిజంగా ఉన్న రాత. చితవ అరుదైన పిట్ట కాదు. కానీ మామూలువాటిని రాయడం అలవాటైతేనే అరుదైనది కనిపించిన రోజు చెయ్యి వణకకుండా రాస్తాము.

నా విన్నపం

మన హాస్టల్‌లో సుగాలీలు ఉన్నారు, ఎరుకలవారు ఉన్నారు, చెంచులు ఉన్నారు, మా యానాదులము ఉన్నాము. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ మీ తాతను, అవ్వను ఒక్క పిట్ట గురించి అడగండి. దాని పేరు మీ ఇంటి భాషలో ఏమంటారో, ఎట్లా కూస్తుందో, ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఉందో లేదో రాసుకొని రండి. అవ్వలను మర్చిపోవద్దు. మా అవ్వ నలభై ఏండ్లు చెప్పకుండా ఉన్నది ఎవరూ అడగలేదనే.

మూడు షరతులు. చూడటానికని రాత్రిపూట అడవికి పోకూడదు, దానికి అటవీశాఖ అనుమతి కావాలి. ఉండేలు పట్టుకోకూడదు, తమ్ముళ్ళ చేతిలో ఉంటే తీసి దాచేయండి. గూడు కనిపిస్తే ముట్టకూడదు, చూసి వెనక్కి వచ్చేయాలి.

మెస్సు పక్కన బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి పెట్టినాము. మీ కాగితాలు అందులో వేయండి. తప్పులున్నా పర్వాలేదు, ఒత్తులు నేను సరిచేస్తాను. నావి తెలుగు సారు సరిచేస్తారు. వార్డెన్ మేడమ్ ఒప్పుకుంటే సాయంత్రం పూట పది నిమిషాలు వరండాలోనే నిలబడి కూతలు వింటాము. గోడ దగ్గరికి పోము మేడమ్, మాట ఇస్తున్నాను.

మా తాత చెప్పిన కూతను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఎవరికైనా వినాలని ఉంటే నన్ను అడగండి, కూసి చూపిస్తాను. అవ్వ చెప్పినట్టు గబగబా.

ఇట్లు,
మీ 9వ తరగతి చెల్లెలు, అక్క